చూపుడువేలి గ్రీజు

పోయిన వారం మనం ఒక తెగిన బోల్టు దగ్గర ఆగిపోయాం. మధ్యలో వారం రోజులు గడిచాయి, ఇళ్ళల్లో సవాలక్ష పనులు ఉంటాయి, కాబట్టి మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. చిట్టమూరు మండలంలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల ఎడంలో ఒక చిన్న ఫ్లయింగ్ స్కూల్ ఉంది. దానికున్నవి మూడే విమానాలు, మూడూ రెండేసి సీట్లవి. వాటికి పెద్ద పెద్ద నంబర్లు ఉన్నా అక్కడివాళ్ళంతా తోక రంగును బట్టి ఎర్రతోక, నీలితోక, పచ్చతోక అనే పిలుస్తారు. మంగళవారం పొద్దున ఎగరబోయే ముందు ఎర్రతోక ఇంజను మూత తీసి చూస్తున్న శిక్షకురాలు సుప్రియకు, కింద ఎడమవైపు బోల్టుకు తల కనిపించలేదు. ఇంజనును విమానానికి పట్టి ఉంచేవి మొత్తం నాలుగే బోల్టులు. అందులో ఒకటి తెగి, తల ఊడి మూతలో పడి ఉంది.

విమానం నేల మీద ఉండగానే బయటపడింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. క్వాలిటీ మేనేజరు నరేంద్రబాబు అదే సాయంత్రానికి దోషిని కూడా కనిపెట్టేశారు. ఆ దోషి రెండో నంబరు టార్క్ రెంచి. బోల్టును ఎంత బలంతో తిప్పాలో ముందే దాని పిడి మీద పెట్టుకుంటే, ఆ బలం అందగానే టక్‌మని చప్పుడు చేసి చాలు అని చెప్పే పనిముట్టు అది. ఆ బలాన్ని ఇంచ్-పౌండ్లలో కొలుస్తారు. ఇంజను బోల్టులకు కంపెనీ పుస్తకంలో రాసిన కొలత మూడు వందల ఎనభై. రెంచి తప్పు చూపించి అంతకన్నా ఎక్కువ బిగించి ఉంటుందని, దాన్ని చూసుకోవలసిన స్టోరు కీపరు అజారుద్దీన్ సరిగా చూసుకోలేదని నరేంద్రబాబు తేల్చారు. రెంచి పరీక్ష కోసం చెన్నై ల్యాబుకు పోయింది. పనికి రావద్దనడంతో అజారుద్దీన్ నెల్లూరులో ఇంట్లో కూర్చున్నాడు. నీలితోకను, పచ్చతోకను బిగించింది ఒకటో నంబరు రెంచితో కనుక అవి ఎగరవచ్చని మేనేజరు రాశారు, దాని కింద ఇంజనీరు షబానా సంతకం పెట్టింది. ఇక చదవండి.

సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు ల్యాబు నుంచి మెయిల్ వచ్చింది. షబానా విమానాలు నిలిపే హ్యాంగరు మూలన ఉన్న తన బల్ల దగ్గర నిలబడే చదివింది. రెండో నంబరు రెంచిని మూడు వందల ఎనభై దగ్గర పెట్టి ఐదుసార్లు పరీక్షించారు. 381, 383, 383, 382, 383. నూటికి నాలుగు అటూ ఇటూ అయినా పనికొస్తుందని ఒప్పుకుంటారు. ఇది నూటికి ఒకటి కూడా తప్పలేదు.

ఆమెకు ముందు సంతోషం వేసింది. అజారుద్దీన్ అంటే పని అయిన ప్రతిసారీ రెంచి స్ప్రింగును వదులు చేసి, తుడిచి, పెట్టెలో పడుకోబెట్టే మనిషి. ఎవరైనా అలా చేయకుండా తిరిగిస్తే రెండు రోజులు మాట్లాడడు. నిన్న అతని భార్య షమా ఫోను చేసి ఒకటే అడిగింది. "అక్కా, కొలత తప్పింది ఆయన వల్లేనా? నువ్వు కాదంటే చాలు, మేము నిబ్బరంగా ఉంటాం." ల్యాబు మాట వచ్చాక చెబుతానంది షబానా. ఇప్పుడు చెప్పవచ్చు. కానీ ఫోను తీయబోయి ఆగింది. రెంచి తప్పు కాకపోతే మరి బోల్టు ఎందుకు తెగినట్టు?

ఆమె భయానికి కారణం ఉంది. నెల్లూరులో కుట్టుమిషన్లు బాగుచేసే అమీర్ బాషా కూతురు షబానా. ముప్ఫై రెండేళ్ళది. ఏడేళ్ళు తిప్పలు పడి పరీక్షలన్నీ రాసి లైసెన్సు తెచ్చుకుంది. నాలుగేళ్ళుగా ఈ హ్యాంగరులో లైసెన్సు ఉన్న ఇంజనీరు తనొక్కతే. బోల్టు మెకానిక్కు బిగించినా తానే బిగించినా ఆఖరి సంతకం ఆమెది, ఆ సంతకం పడితేనే విమానం లేస్తుంది. పనిముట్టు తప్పితే తప్పు స్టోరుది. చెయ్యి తప్పితే తప్పు సంతకానిది. రెంచి మంచిదని తేలితే పోయేది తన లైసెన్సే కావచ్చని ఆమెకు బాగా తెలుసు.

నరేంద్రబాబు తన గదిలో రిపోర్టు తయారుగా పెట్టుకుని ఉన్నారు. ఆయన చెడ్డ మనిషేమీ కాదు. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆయనకు అన్నం సహించదు, అంతే.

"రండి షబానా గారూ. నాలుగింటికి ఇది పైకి పోవాల. ఈడ ఒక సంతకం చేయండి."

"ల్యాబు మెయిల్ చూసినారా సార్? రెంచి బాగుండాది."

"చూసినా. రెండు మూడు అంకెల తేడా ఉండాది గదా."

"ఆ తేడాతో బోల్టు తెగదు సార్."

"తేడా ఉండాదా లేదా? ఉండాది. నేను రాసింది అంతే. నేనేమీ అబద్ధం రాయలా." ఆయన పెన్ను మూత తీసి ఆమె వైపు జరిపారు. "బోల్టులన్నీ మార్చేద్దాం, కొత్త రెంచి కొందాం. అజారుద్దీన్‌ను ఆర్నెల్ల తర్వాత ఇంకో పనిలోకి తీసుకుందాం. మీ లైసెన్సు మీ దగ్గరే ఉంటాది. ఇంతకంటే ఏం కావాల?"

ఆ మాటకు షబానా మనసు ఒక్క క్షణం లొంగింది. దాచడమెందుకు, పెన్ను కూడా చేతిలోకి తీసుకుంది. అంతలో షమా గొంతు గుర్తొచ్చి పెన్నును మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"నాలుగు దాకా టైముంది గదా సార్."

"ఉండాది. బోల్టు దేంతో తెగిందో ఆలోపల చెప్పండి, మార్చి రాస్తా. చెప్పలేకపోతే ఇదే పోతాది."

ఎర్రతోక బోల్టులు బిగించింది సమాధానం అనే ఆయన. రిజిస్టరులో రాసే ఉంది. హ్యాంగరులో అందరికన్నా పెద్ద మెకానిక్కు, యాభై ఎనిమిదేళ్ళవాడు. ముప్ఫై ఏళ్ళు కృష్ణపట్నం వైపు రేవుల్లో పడవ ఇంజన్లు బాగుచేసి, ఈ స్కూలు పెట్టాక ఇటు వచ్చాడు. లైసెన్సు లేదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా చెవి ఆనిస్తే ఇంజను జబ్బు చెప్పేస్తాడు. షబానా కొత్తగా వచ్చినప్పుడు తలనిండా పుస్తకాలే ఉండేవి, చేతులకు మాత్రం పని అలవాటు లేదు. మణికట్టు నొప్పి పుట్టకుండా స్పానరు ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే. ఆయన కుడి చూపుడువేలు గోరు ఎప్పుడూ నల్లగా ఉంటుంది. తన బైబిల్లో ఈయన ఎంతవరకు చదివాడో తెలియాలంటే పేజీ అంచున నల్ల మరక చూస్తే చాలని ఆయన భార్య ఎస్తేరమ్మ అంటుంది.

షబానా వెళ్ళేసరికి ఆయన హ్యాంగరు వెనక, పెంకుల వసారాలో సామాన్లు కడిగే బల్ల దగ్గర ఉన్నాడు. సముద్రం గాలి జివ్వున కొడుతోంది. ఆ గాలికి ఇక్కడ తలుపు గొళ్ళెం కూడా ఆర్నెల్లలో తుప్పు పట్టిపోతుంది.

"అన్నా, ఎర్రతోక బోల్టు ఎట్టా బిగించినావో ఇంకొకసారి చేసి చూపిస్తావా?"

ఆయన తల ఎత్తి చూశాడు. "రెంచి బాగుందని చెప్పినారా?"

"బాగుందన్నారు."

"అయితే ఇప్పుడు నా వంతు." ఆయన కోపంగా అనలేదు. ఒక కొత్త బోల్టు తీసుకున్నాడు. వేలంత లావు, దాదాపు నాలుగంగుళాల పొడవు. దాన్ని కిరసనాయిల్లో ముంచి, బ్రష్షుతో నట్టు ఎక్కే మరలు తోమి, గుడ్డతో పొడిగా తుడిచాడు. అక్కడిదాకా అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఆ తర్వాత బల్ల కింద నుంచి ఒక పాత పౌడరు డబ్బా తీసి, చూపుడువేలు అందులో ముంచి, ఆ వేలిని బోల్టు మరల మీద ఒక చుట్టు తిప్పాడు.

"అదేంది అన్నా?"

"గ్రీజు."

"ఎందుకది?"

"ఎందుకంటావేంది పాపా. ఈ గాలిలో పొడి బోల్టు బిగిస్తే ఏడాది తర్వాత విప్పగలమా? రేవులో గ్రీజు రాయకుండా బిగించినోడు ఆ తర్వాత రంపంతో కోసుకోవాల్సిందే. మా గురువు కాడ నేను నేర్చుకున్న మొదటి పని ఇది. మన హ్యాంగరులో ఈ తొమ్మిదేళ్ళలో ఒక్క బోల్టు తుప్పు పట్టి ఇరుక్కునిందా?"

అది నిజమే. ఒక్కటి కూడా ఇరుక్కోలేదు. పోయినేడు తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా తీర ప్రాంతంలో ఇంత శుభ్రమైన బోల్టులు చూడలేదని మెచ్చుకున్నారు. నరేంద్రబాబు సమాధానానికి శాలువా కప్పి ఫొటో కూడా తీయించారు. ఆ ఫొటో ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉంది.

షబానా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పుస్తకంలో ఆ మూడు వందల ఎనభై పక్కన ఉన్న షరతు ఆమెకు కంఠతా వచ్చు. మరలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. పరీక్షల్లో నాలుగు మార్కుల ప్రశ్న అది. తాను జవాబు రాసింది, నాలుగుకు నాలుగు వచ్చాయి కూడా. కానీ ఆ 'పొడిగా' అన్న మాటను ఈ గాలిలో, ఈ బల్ల దగ్గర, ఈయన వేలితో కలిపి ఆలోచించాలని ఎన్నడూ తట్టలేదు.

"అన్నా, రెండు బోల్టులు బిగిద్దాం. ఒకటి పొడిగా, ఇంకొకటి నీ పద్ధతిలో. రెంచి ఒకటే, కొలత ఒకటే. ముందూ వెనకా పొడవు చూద్దాం."

"నాకు పరీక్ష పెడతుండావా?"

"నీకు కాదు. గ్రీజుకి."

 ఆయన లేచి బల్లకు బిగించిన వైస్ పట్టులో మందపాటి ఇనప గొట్టం బిగించాడు. షబానా స్టోరులోంచి ఒకటో నంబరు రెంచి, పెద్ద మైక్రోమీటరు తెచ్చింది. మైక్రోమీటరు అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేసి కొలుస్తుంది. ఆ వెయ్యో వంతును పనివాళ్ళు థౌ అంటారు. మన తల వెంట్రుక మూడు థౌల మందం ఉంటుందంటే అదెంత సన్నటి కొలతో చూసుకోండి. ఇంగ్లీషు రాకపోయినా సమాధానానికి మైక్రోమీటరు చదవడంలో ఈ హ్యాంగరులో సాటి లేరు. అందుకే ఆమె ఆ పని ఆయనకే ఇచ్చింది.

ముందు పొడి బోల్టు కొలిచారు. "మూడు పాయింట్ ఏడు నాలుగు రెండు," అన్నాడాయన. గొట్టంలో పెట్టి నట్టు బిగించారు. రెంచి టక్‌మంది. మళ్ళీ కొలిచాడు. "ఏడు నాలుగు ఎనిమిది. ఆరు థౌలు సాగింది."

బిగించడమంటే సాగదీయడమే, అది ఆయనకూ తెలుసు. ఆ సాగిన బోల్టు వెనక్కి లాక్కోవాలని చూస్తుంది కాబట్టే పట్టు నిలుస్తుంది. ఆ పొడి బోల్టు విప్పి చూస్తే మళ్ళీ సరిగ్గా మొదటి పొడవుకు వచ్చింది.

తర్వాత గ్రీజు రాసిన బోల్టు. "ఏడు నాలుగు ఒకటి." బిగించారు. నట్టు ఈసారి సాఫీగా, చాలాసేపు తిరిగింది. ఆ తేలిక ఇద్దరి చేతులకూ ఎన్నాళ్ళుగానో అలవాటైనదే. రెంచి టక్‌మంది. ఆయన కొలిచాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ కొలిచాడు.

"ఎంతన్నా?"

"ఏడు అయిదు రెండు."

పదకొండు థౌలు. ఇంచుమించు రెట్టింపు. షబానా నట్టు విప్పి బోల్టును ఆయన చేతికిచ్చింది. ఆయన మూడోసారి కొలిచాడు. అది మొదటి పొడవుకు రాలేదు, ఒక థౌ ఎక్కువే చూపించింది. అంటే లోపల ఇనుము తట్టుకోలేక సాగి అట్లాగే ఉండిపోయింది.

"రెంచి కొలిచేది మనం తిప్పే బలాన్ని అన్నా, బోల్టు సాగడాన్ని కాదు. పొడి మరలో ఆ బలంలో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు రాపిడికే పోతాది. కంపెనీవాళ్ళు అది లెక్కేసుకునే మూడు వందల ఎనభై అన్నారు. గ్రీజు రాస్తే రాపిడి తగ్గిపోయి మిగిలిన బలమంతా బోల్టును లాగుతాది. రెంచికి అది తెలీదు. ఎప్పటి మాదిరే టక్‌మంటాది. ఒకేసారికి తెగదు, ప్రతి ఏడూ విప్పి బిగించేకొద్దీ ఇంకాస్త సాగి ఒకనాడు తెగతాది."

"పడవలో తెగలేదే."

"పడవ బోల్టులు లావు. ఎక్కువైనా తట్టుకుంటాయి. పైగా ఆడ నువ్వు రెంచి వాడినావా?"

"రెంచి యాడిది. చేత్తో చూసుకోవడమే." ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో బోల్టును అటూ ఇటూ తిప్పుతున్నాడు. "చేత్తో బిగిస్తే చెయ్యే చెప్తాది, చాలు ఆపమని. ఈడికొచ్చినాక రెంచి చెప్తాదని చెయ్యి మాట వినడం మానేసినా. బోల్టును కాపాడతుండాననుకున్నా పాపా. తొమ్మిదేళ్ళు."

షబానాకు ఆయన మీద జాలి కలిగింది, కోపమూ వచ్చింది. రెండింటిలో ఏది ముందు చూపాలో తెలియక, విప్పిన నట్టును గుడ్డతో తుడవసాగింది. అన్నీ తెలిసిన మనిషి తప్పు చేస్తే తిట్టడానికి కూడా నోరు రాదు.

చివరికి ఆయనే అన్నాడు. "నా పేరు రాయి. అజారుద్దీన్‌ను పిలిపించు. ఆ బిడ్డ మొహం నేను చూడలేను గానీ, పిలిపించు. నేను బిగించింది ఎర్రతోక ఒకటే గదా. తక్కిన రెండూ నువ్వు బిగించినావు. అవి బాగుంటాయి."

ఆ మాట ఆయన ఓదార్పుగానే అన్నాడు. షబానా కూడా ఒక నిట్టూర్పు విడిచింది. నీలితోక, పచ్చతోక బోల్టులు ఫిబ్రవరిలో తన చేతులతోనే బిగించింది. గ్రీజు డబ్బా తాను ముట్టుకోలేదు. పాత గుడ్డ మీద నాలుగు బోల్టులు, నాలుగు నట్లు, తలలు తన వైపుకు తిప్పి వరసగా పేర్చి ఉంటే ఒక్కొక్కటే తల పట్టి తీసి బిగించుకుంటూ పోయింది. ఎప్పుడు చూసినా ఆ బోల్టులు మెరుస్తుండేవి. బాగా తోమినందుకు మెరుస్తున్నాయనుకునేది.

"అన్నా," అంది. "ఆ బోల్టులు కడిగి గుడ్డ మీద పేర్చింది ఎవురు?"

 సమాధానం చేతిలోని బోల్టు తిప్పడం ఆపేశాడు.

"నువ్వేనా?"

"నేనే."

"గ్రీజు రాసి పెట్టినావా?"

"రాసే పెట్టినా. నీకు పని తేలిగ్గా ఉంటాదని."

షబానా లోపలికి నడిచింది. నీలితోక హ్యాంగరులోనే ఉంది. ఇంజను మూత రెండు పిన్నులు తీసి, టార్చి వేసి, కింద ఎడమవైపు నట్టులోంచి బయటికి వచ్చిన బోల్టు కొస మీద వేలు పెట్టి రాసింది. వేలు వెనక్కి తీసి చూసుకుంది. ఆమె చూపుడువేలు నల్లగా ఉంది.

బల్ల మీద రిజిస్టరు తెరిచింది. ఫిబ్రవరి పేజీలో నీలితోక కింద ఒక గడి, పచ్చతోక కింద ఒక గడి. 'మరలు శుభ్రంగా, పొడిగా ఉన్నాయి, చూశాను' అని అచ్చు వేసి ఉంటుంది, పక్కన టిక్కు పెట్టాలి. రెండు టిక్కులూ ఉన్నాయి. రెండూ తనవే. చూశాను అని ఒప్పుకుంది గానీ చూసింది మెరుపును, మరను కాదు. అజారుద్దీన్ మీద వారం రోజులు అందరూ వేసిన నింద అసలు ఎక్కడ పడాలో ఆ రెండు టిక్కులే చెబుతున్నాయి.

అప్పుడు ఇంకొకటి తట్టి గోడ గడియారం చూసింది. మూడూ ఇరవై రెండు. హ్యాంగరులో నీలితోక, ఎర్రతోక ఉన్నాయి. పచ్చతోక స్థలం ఖాళీగా ఉంది. రెండూ నలభైకి సుప్రియ దాన్ని తీసుకుని ఒంటరిగా తీరం వెంబడి ఉత్తరానికి వెళ్ళింది. నాలుగూ పదికి తిరిగి రావాలి. ఎగరవచ్చని వారం కింద సంతకం పెట్టింది షబానాయే.

రేడియో గది హ్యాంగరుకు ఎదురుగా మెట్లెక్కితే పైన ఉంటుంది. షబానా పరుగెత్తింది. వెనక సమాధానం కూడా ఎక్కాడు. మెట్ల దగ్గర ఎదురైన నరేంద్రబాబుకు ఆమె ఆగకుండానే నాలుగు మాటల్లో సంగతి చెప్పింది. ఆయన కూడా వెంట వచ్చారు.

రేడియో దగ్గర గంగాభవాని ఉంది. మాట్లాడిన ప్రతి మాటా అక్కడ టేపులో పడుతుంది, ఆ టేపు ఏడాది దాకా చెరపకూడదు. విమానాన్ని మధ్యలో వెనక్కి పిలిస్తే ఎందుకు పిలిచారో కారణం చెప్పాలి, ఎవరు చెప్పారో పేరూ చెప్పాలి.

"పచ్చతోకను వెనక్కి పిలవాల," అంది షబానా. "మైకు నాకియ్యి."

"ఒక్క నిమిషం," అన్నారు నరేంద్రబాబు. మెట్లెక్కిన ఆయాసంతో ఆయన మాట ముక్కలుగా వస్తోంది. "పిలుద్దాం. తప్పకుండా పిలుద్దాం. గాలి మారింది, వచ్చేయమని చెప్పండి చాలు. కిందికొచ్చినాక బోల్టులు మారుద్దాం. టేపులో గ్రీజు మాట ఎందుకు? మీ లైసెన్సు, ఆయన ఉద్యోగం, స్కూలు పేరు, అన్నీ ఒక్క ముక్కతో పోతాయి. ఆలోచించండి."

షబానా ఆలోచించింది. ఆలోచించలేదంటే అబద్ధమవుతుంది. గాలి మారిందంటే సుప్రియ నమ్ముతుంది. వెంటనే విమానాన్ని ఒక పక్కకు బాగా వాల్చి గిర్రున తిప్పుతుంది, తొందరగా రావాలని ఇంజను బాగా పెంచుతుంది. మంచి పైలట్టు ఎవరైనా చేసేది అదే. ఆ నాలుగు బోల్టులు తట్టుకోలేనిదీ అదే. మెల్లగా తిరగాలని, ఇంజను తగ్గించి రావాలని ఆమెకు చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి. కారణం తెలియకపోతే ఆమె సగం వింటుంది, సగం తన తెలివి వాడుతుంది.

వెనక నుంచి సమాధానం మెల్లగా అన్నాడు. "చెప్పు పాపా. నా పేరే చెప్పు."

షబానా మైకు తీసుకుని మీట నొక్కింది. నల్ల వేలి ముద్ర ఆ మీట మీద పడింది.

"పచ్చతోక, నేను ఇంజనీరు షబానాను. మీ ఇంజను బోల్టులకు గ్రీజు రాసి బిగించి ఉంది. కొలతకు మించి సాగి ఉంటాయి. బిగించింది నేను, పొడిగా ఉన్నాయని టిక్కు పెట్టింది నేను. ఎర్రతోకలో తెగింది కూడా దీనివల్లే. ఇంజను తగ్గించు సుప్రియా. వాల్చి తిప్పొద్దు, పెద్ద చుట్టు తిరిగి మెల్లగా వచ్చేయ్. విన్నావా?"

నరేంద్రబాబు కుర్చీలో కూలబడ్డారు. గంగాభవాని పుస్తకంలో టైము, పేరు, కారణం రాసుకుంది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. షబానా లోపల వారం రోజులుగా లేని ఒక నెమ్మది ఉంది. ఇక దాచుకోవలసింది ఏమీ లేదు. అలా పది సెకన్లు, పదిహేను సెకన్లు గడిచాయి.

తర్వాత సుప్రియ గొంతు వినిపించింది. మామూలుగా పాఠం చెప్పే గొంతే, కాకపోతే కాస్త నెమ్మదిగా ఉంది.

"విన్నాను షబానా. మంచి పని చేసినావు చెప్పి. పది నిమిషాలుగా కింద ఎడమవైపు నుంచి ఒక అదురు వస్తుండాది. గాలి వల్ల అనుకుని, అది పోతుందేమోనని ఇంజను పెంచినా. ఇప్పుడే టక్‌మని ఒక చప్పుడొచ్చింది. నేను సముద్రం మీద ఉండా."